యూరప్ దేశాల మధ్య కరెంటు డేటా పంచుకోవడం ఎలా: ఏపీఐ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

ఇళ్లలో హీట్ పంపులు (కరెంటుతో ఇల్లు వెచ్చబరిచే యంత్రాలు), ఈవీ ఛార్జర్లు నడిపించే ఒక సంస్థకు ఆస్ట్రియా, డెన్మార్క్, స్పెయిన్‌లలో కస్టమర్లు ఉన్నారనుకోండి. వాళ్ల మీటరు రీడింగులు ఒకచోట చేర్చాలి. ఆయా వేళల మార్కెట్ ధర పక్కన పెట్టాలి. ఆ లెక్కను నెదర్లాండ్స్‌లోని భాగస్వామి సంస్థకు పంపాలి. కోడు రాసేది హైదరాబాద్‌లోని బృందం. ఇలాంటి పని చేతికి రాగానే అందరూ మొదట అడిగేది ‘ఏపీఐ (ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును డేటా అడిగే దారి) ఎక్కడుంది?’ అని. నిజానికి ఏపీఐ దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. వచ్చిన అంకె ఏ గడియారానిది, ఏ మీటరుది, ఎవరి అనుమతితో వచ్చింది, ఖరారైందా లేదా అన్నవి ఆ అంకెతోపాటే సరిహద్దు దాటాలి. అవి దాటకపోతే అవతలివాళ్ల చేతికి అందేది అంకెల మూట మాత్రమే.

1. ముందు డేటాను మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప బహిరంగ మార్కెట్ డేటా: ధరలు, లోడు (మొత్తం వాడకం), ఉత్పత్తి, దేశాల మధ్య ప్రవాహాలు. వీటిని ప్రచురించి తీరాలని ఈయూ రెగ్యులేషన్ 543/2013 చెబుతుంది. ఇవన్నీ యూరప్ గ్రిడ్ నిర్వాహక సంస్థల సంఘం ఎంట్సో-ఈ నడిపే ట్రాన్స్‌పరెన్సీ ప్లాట్‌ఫామ్‌లో 2015 జనవరి 5 నుంచి దొరుకుతున్నాయి.

రెండో కుప్ప కస్టమర్ మీటరు డేటా. దీనికి 2019/944 విద్యుత్ డైరెక్టివ్‌లోని 23, 24 ఆర్టికల్స్, వాటి కింద వచ్చిన 2023/1162 అమలు రెగ్యులేషన్ వర్తిస్తాయి. ఇంటి మీటరైతే ఈయూ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా తోడవుతుంది. ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారో, ఎప్పుడు ఊరెళ్లారో పదిహేను నిమిషాల రీడింగులు చెప్పేస్తాయి మరి.

మూడోది మార్కెట్‌ను కదిలించగల, ఇంకా ప్రకటించని సమాచారం. ఒక ప్లాంటు యూనిట్ 100 మెగావాట్లు, అంతకు మించి సామర్థ్యం కోల్పోతే గంటలోపు ప్రకటించాలి. ఆ ప్రకటన రాకముందే భాగస్వామికి మెయిల్ పెడితే అది లోపలి సమాచారం బయటపెట్టడం కిందికి వస్తుంది. ఇంధన మార్కెట్లలో అక్రమాలను అడ్డుకునే రెమిట్ రెగ్యులేషన్ 1227/2011 దీన్ని నిషేధించింది. మీ పనిలో ఈ కుప్ప లేకపోతే ‘లేదు’ అని కాగితం మీద రాసుకుని ముందుకెళ్లండి.

ఈ మూడింటికీ ఒకే నియమం పెట్టే జట్లు రెండు రకాలుగా దెబ్బతింటాయి. ఇంటి మీటరు డేటాను మార్కెట్ ధరలంత స్వేచ్ఛగా పంచేస్తాయి, లేదా బహిరంగ ధరల కోసం కూడా లాయరు సంతకానికి మూడు నెలలు ఎదురుచూస్తాయి.

తర్వాత ప్రతి కుప్పకూ ఒక పేజీ రాయండి. ఏ డేటా, ఏ యూనిట్‌లో, ఎన్ని నిమిషాలకోసారి, ఏ పనికోసం, ఎవరెవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు? ‘ఏ పనికోసం’ అన్న చోట ‘విశ్లేషణ’ అని రాస్తే ఒప్పుకోకండి. ‘రేపటి ఛార్జింగ్ వేళలు నిర్ణయించడానికి’ అని రాస్తే సరే.

2. గడియారం తేల్చండి

అన్నింటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ రెండూ ఒక్కసారే చీకట్లో మునిగాయి. స్పెయిన్ గడియారంలో అప్పుడు మధ్యాహ్నం 12:33, పోర్చుగల్‌లో 11:33. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) 10:33, మనకు సాయంత్రం 4:03. రెండు దేశాల లోడు డేటాను స్థానిక సమయంతో పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు పోర్చుగల్ గంట ముందే పడిపోయినట్టు కనిపిస్తుంది.

అందుకని నిల్వ చేసేది యూటీసీలోనే. స్థానిక సమయం తెరమీద చూపించేటప్పుడే లెక్కించండి. ప్రతి విలువకూ వ్యవధి మొదలయ్యే సమయమూ, వ్యవధి నిడివీ రెండూ రాయండి. కొన్ని ఫైళ్లలో 14:00 అంటే 14 నుంచి 15 వరకు, ఇంకొన్నింట్లో 13 నుంచి 14 వరకు. ఎటూ చెప్పని ఫైలు వస్తే సోలార్ ఉత్పత్తితో సరిచూడండి. సూర్యోదయానికి ముందే ఉత్పత్తి మొదలైనట్టు కనిపిస్తే సమయ ముద్ర ఒక వ్యవధి పక్కకు జరిగిందన్నమాట.

యూరప్‌లో వేసవికి గడియారాలు గంట ముందుకు, చలికాలానికి గంట వెనక్కి జరుపుతారు. అందుకే మార్చి చివరి ఆదివారం రోజుకు 23 గంటలు, అక్టోబరు చివరి ఆదివారం 25 గంటలు. పావుగంట విలువలైతే 96కు బదులు 92, 100. జర్మనీలో అక్టోబరు మార్పు రోజున రెండింటి నుంచి మూడింటి వరకు గంట రెండుసార్లు వస్తుంది. స్థానిక సమయాన్ని ప్రాథమిక కీగా పెట్టిన టేబుల్ ఆ రెండో గంటను నకిలీ అనుకుని చెరిపేస్తుంది. ఏటా అక్టోబరు ఆఖర్న బిల్లు ఒక గంట తక్కువ వస్తోందంటే ముందు ఇది చూడండి.

ఇంకో చిక్కు మార్కెట్ రోజుది. ఫిన్లాండ్ గడియారం మధ్య యూరప్ కంటే గంట ముందు నడుస్తుంది, కానీ ఒక రోజు ముందటి ఉమ్మడి వేలం (రేపటి కరెంటు ధరలను ఈరోజే తేల్చేది) అంతా మధ్య యూరప్ రోజు ప్రకారమే సాగుతుంది. అంటే ఫిన్లాండ్‌లో అర్ధరాత్రి 12 నుంచి ఒంటిగంట వరకు ఉన్న ధర ముందు రోజు సరఫరాకు జరిగిన వేలంలో ఖరారైనది. పోర్చుగల్‌కు ఇది తిరగబడుతుంది.

హైదరాబాద్ బృందానికి ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. మన సమయం యూటీసీకి అయిదున్నర గంటలు ముందు. ఆ అరగంటే కొంప ముంచుతుంది. సర్వరు మన సమయంలో ఉండి, ఎవరైనా టైమ్‌స్టాంపును ‘గంటకు కుదించు’ అని రాస్తే, ప్రతి గంటలోకీ యూరప్ గంటలు రెండింటి నుంచి చెరో సగం వచ్చి పడతాయి. మొత్తం సరిపోతుంది, గ్రాఫు కాస్త నున్నగా కనిపిస్తుంది, తప్పు ఎవరి కంటా పడదు. సర్వర్లన్నీ యూటీసీకి మార్చడమే మందు. వేలం బిడ్లు మూసేది మధ్య యూరప్ సమయం మధ్యాహ్నం 12కు. మనకది వేసవిలో 3:30, చలికాలంలో 4:30. రోజూ వాటంతటవే నడిచే ప్రోగ్రాములను మన సమయంలో పెట్టుకుంటే ఏడాదికి రెండుసార్లు జారిపోతాయి.

3. వ్యవధి, యూనిట్

2025 అక్టోబరు 1 సరఫరా నుంచి ఒక రోజు ముందటి ఉమ్మడి మార్కెట్‌లో ధరలు గంటకు కాక పావుగంటకు వస్తున్నాయి. పాత కోడు 24 విలువలు ఆశిస్తే 96 వస్తాయి. వాటిలో మొదటి 24 మాత్రమే తీసుకుని, తెల్లవారి ఆరింటివరకు ఉన్న ధరలనే రోజంతటికీ వాడేసే ప్రోగ్రాములు ఉంటాయి. మీది ఆ జాతిదేమో ఒకసారి చూసుకోండి.

మెగావాట్ అంటే వేగం, మెగావాట్ అవర్ అంటే పరిమాణం. పావుగంటపాటు సగటున 400 మెగావాట్లు నడిస్తే 100 మెగావాట్ అవర్లు. అంటే 4తో భాగించాలి. ధరను మాత్రం భాగించకండి. పావుగంట ధర కూడా మెగావాట్ అవర్‌కే చెబుతారు. మీటరు గంటకొకసారే రీడింగ్ ఇస్తుంటే, నాలుగు పావుగంటల ధరల సగటుతో ఖర్చు అంచనా వేయక తప్పదు. కానీ ఆ వరుసకు ‘అంచనా’ అని గుర్తు పెట్టాలి. ఈవీ ఛార్జింగ్ లాంటి లోడు గంటలో ఒక మూలకు చేరితే అసలు ఖర్చు ఆ సగటుకు దూరంగా ఉంటుంది.

4. మీటరు, ప్రాంతం, సంస్థ: వీటి కోడ్‌లు

ప్రాంతాలకు, సంస్థలకు యూరప్ అంతటా ఈఐసీ కోడ్ ఉంది. మొత్తం 16 అక్షరాలు. మొదటి రెండూ కోడ్ జారీ చేసిన కార్యాలయం, మూడోది రకం (ఎక్స్ అయితే సంస్థ, వై అయితే ప్రాంతం, డబ్ల్యూ అయితే ఉత్పత్తి యూనిట్ లాంటి వనరు), చివరిది తనిఖీ అక్షరం. ఆ తనిఖీని మీరే రాసుకోండి, పది లైన్ల పని. అంకెకు దాని విలువే, ఏ నుంచి జెడ్ వరకు 10 నుంచి 35, అడ్డగీతకు 36. మొదటి 15 అక్షరాల విలువలను వరుసగా 16, 15, 14... చివరికి 2తో గుణించి కూడండి. ఒకటి తీసేసి 37తో భాగించండి. శేషాన్ని 36 నుంచి తీసేయండి. ఫ్రాన్స్ ప్రాంతం కోడ్‌కు మొత్తం 3022 వస్తుంది. 3021ని 37తో భాగిస్తే శేషం 24. 36 నుంచి తీసేస్తే 12, అంటే సి. ఆ కోడ్ చివర ఉన్నదీ సి అక్షరమే.

దేశమూ ధరల ప్రాంతమూ (లోపలంతా ఒకే మార్కెట్ ధర ఉండే ప్రాంతం) ఒకటే అనుకోవద్దు. స్వీడన్‌లో నాలుగు ధరల ప్రాంతాలు, డెన్మార్క్‌లో రెండు. ‘స్వీడన్ ధర’ అనేది అసలు లేదు. అటువైపు జర్మనీ, లక్సెంబర్గ్‌లు రెండూ ఒకే ప్రాంతం. అందులో ఆస్ట్రియా కూడా ఉండేది, 2018 అక్టోబరు 1న విడిపోయింది. పదేళ్ల ధరలు అడిగితే ఆ తేదీకి ముందొక కోడ్, తర్వాత ఇంకొక కోడ్ వాడాలి. కాబట్టి ప్రాంతాల పట్టికలో ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ అన్న గళ్లు తప్పనిసరి.

మీటరు స్థాయికి వస్తే ఎవరి దారి వారిదే. స్పెయిన్‌లో కప్స్ అనే కోడ్ 20 లేదా 22 అక్షరాలు, మొదట ఈఎస్. ఫ్రాన్స్‌లో 14 అంకెలు. ఆస్ట్రియాలో ఏటీతో మొదలయ్యే 33 అక్షరాలు. డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో 18 అంకెలు. జర్మనీలో రెండు రకాలు: మార్కెట్ స్థానానికి (బిల్లు లెక్కకు వచ్చేది) 11 అంకెలు, కొలత స్థానానికి (మీటరు కొలిచే చోటు) 33 అక్షరాలు. పైకప్పు మీద సోలార్ ఉన్న ఇంట్లో ఈ రెండూ ఒకదానికొకటి సరిపడక, ఒక మార్కెట్ స్థానానికి రెండు కొలత స్థానాలు రావచ్చు.

ఇవన్నీ టెక్స్ట్‌గానే దాచండి. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా గుర్తుంచుకుంటుంది. 18 అంకెల డేనిష్ కోడ్‌ను మామూలు గడిలో తెరిచి సేవ్ చేస్తే చివరి మూడూ సున్నాలైపోతాయి. ఫ్రెంచ్ కోడ్ సున్నాతో మొదలైతే ఆ సున్నా ఎగిరిపోతుంది. ‘మీటరు దొరకలేదు’ అన్న ఫిర్యాదుల్లో మొదట అనుమానించాల్సింది ఎవరో మధ్యలో ఎక్సెల్‌లో తెరిచారేమోనని.

5. బహిరంగ డేటా తెచ్చుకోవడం

ట్రాన్స్‌పరెన్సీ ప్లాట్‌ఫామ్‌లో ఖాతా తెరిచి, ఏపీఐ యాక్సెస్ కావాలని ఈమెయిల్ పెడితే టోకెన్ తీసుకునే వీలు కల్పిస్తారు. ఒక రోజు ముందటి ధరలకు డాక్యుమెంట్ రకం ఏ44, లోడుకు ఏ65, ఇంధనం వారీ ఉత్పత్తికి ఏ75, సరిహద్దు ప్రవాహాలకు ఏ11. లోడు, ఉత్పత్తి విషయంలో వాస్తవ విలువలు కావాలంటే ప్రాసెస్ రకం ఏ16. ధరలకు లోపలి ప్రాంతం, బయటి ప్రాంతం రెండింటికీ ఒకే కోడ్ ఇవ్వాలి. తేదీలు యూటీసీలో. ఒక్కో ప్రశ్నకు ఏడాదికి మించి అడగకూడదు, నిమిషానికి 400 ప్రశ్నలు దాటకూడదు. పదేళ్ల ధరలు కావాలంటే ఒక్కో ఏడాదిని ఒక్కో ప్రశ్నగా విడగొట్టుకోండి.

వచ్చిన ఎక్స్ఎంఎల్‌లో కర్వ్ రకం చూడండి. ఏ03 అని ఉంటే, ముందు విలువే కొనసాగుతున్నప్పుడు ఆ స్థానాలను రాయరు. స్థానం 1 తర్వాత నేరుగా స్థానం 5 కనిపిస్తే, 2, 3, 4 పోలేదు. వాటి విలువ 1వ స్థానానిదే. దీన్ని సున్నాతో పూరించేవాళ్లు కొందరు, రెండింటి మధ్య గీత గీసి పూరించేవాళ్లు ఇంకొందరు. రెండూ తప్పే. అసలు డేటా లేనప్పుడు 999 కారణం కోడ్‌తో వేరే సమాధానం వస్తుంది. దాన్ని ‘సున్నా’గా కాక ‘లేదు’గా నమోదు చేయండి.

లోడు, ఉత్పత్తి గంటలోపు ప్రచురించాలి, ఒక్కో పెద్ద యూనిట్ ఉత్పత్తి మాత్రం ఐదు రోజులకు వస్తుంది. ముందు వచ్చింది తర్వాత సవరించబడవచ్చు. కాబట్టి పాత విలువ మీద కొత్తది రాసేయకుండా, ‘ఎప్పుడు తెచ్చుకున్నాం’ అన్న గడితో రెండూ ఉంచండి. నెల తర్వాత భాగస్వామి ‘మా లెక్క వేరేగా ఉంది’ అన్నప్పుడు వాదన ఐదు నిమిషాల్లో తేలుతుంది.

బ్రిటన్ ఇప్పుడు ఈయూ ఇంధన మార్కెట్‌లో లేదు, దాని డేటాకు అక్కడి విద్యుత్ మార్కెట్ లెక్కలు చూసే ఎలెక్సాన్ సంస్థ దగ్గరికి వెళ్లాలి.

6. కస్టమర్ మీటరు డేటాకు అనుమతి

2023/1162 అన్ని దేశాలకూ ఒకే ఏపీఐ పెట్టలేదు. ఎవరెవరు ఏ పాత్ర పోషించాలో మాత్రం ఒక నమూనా ఇచ్చింది. రీడింగులు దాచి అందించే సంస్థ, డేటా చేరవేసే సంస్థ, అనుమతుల పుస్తకం ఉంచే సంస్థ, కస్టమర్ ఎవరో నిర్ధారించే సంస్థ, డేటా అడిగే అర్హత ఉన్న పక్షం (అంటే మీరు). ఒక దేశంలో ఇవన్నీ ఒక్కరే చేయొచ్చు, ఇంకోచోట నలుగురు పంచుకోవచ్చు. 2025 జనవరి 5 నుంచి ఇది వర్తిస్తోంది. దేశాలు తమ పద్ధతిని ఈ నమూనా భాషలో చెప్పాలి. ప్రతి దేశానికీ ఈ పాత్రల పట్టిక నింపడం మీ మొదటి పని. మీటరు డేటా కోసం తట్టాల్సిన తలుపులు ఇవి. డెన్మార్క్‌లో గ్రిడ్ సంస్థ ఎనర్జీనెట్ నడిపే డేటాహబ్, దాని ముందు ఎల్‌ఓవర్‌బ్లిక్ పోర్టల్. స్పెయిన్‌లో డాటాడిస్. ఆస్ట్రియాలో ఈడీఏ. నార్వేలో ఎల్‌హబ్, ఫిన్లాండ్‌లో ఫిన్‌గ్రిడ్ డేటాహబ్. ఒక్కో దేశానికీ కోడు రాసే ఓపిక లేకపోతే ఈడీడీఐఈ అనే ఓపెన్‌సోర్స్ ఫ్రేమ్‌వర్క్‌ను చూడండి. ఒక్కో ప్రాంతానికీ కనెక్టర్ రాసి, బయటికి ఒకే రూపం చూపించడమే దాని పద్ధతి.

కస్టమర్ తన డేటా చూసుకున్నా, మీకు ఇవ్వమన్నా అతని మీద అదనపు రుసుము వేయకూడదని డైరెక్టివ్ చెబుతుంది. మీలాంటి పక్షం నుంచి మాత్రం దేశాలు సబబైన రుసుము వసూలు చేయనివ్వొచ్చు. బడ్జెట్‌లో ఆ గడి ఉంచండి.

మీటరుకిచ్చిన అనుమతినీ, జీడీపీఆర్ చట్టబద్ధ ఆధారాన్నీ ఒకటిగా కలిపేయకండి. మొదటిది తలుపు తాళం, రెండోది లోపల ఏం చేయొచ్చన్న హక్కు. సమ్మతి మీద ఆధారపడితే, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునేలా ఉండాలి. ఒక క్లిక్‌తో ఇప్పించి, రద్దుకు మాత్రం ఉత్తరం రాయమంటే చెల్లదు. రద్దు కబురు మీ డేటాబేస్‌తో ఆగిపోకుండా నెదర్లాండ్స్ భాగస్వామి దాకా చేరే దారి ముందే కట్టండి. అది లేకుండా మొదలెట్టిన ప్రాజెక్టును నేనైతే ఆపేస్తాను.

ఇల్లు మారేవాళ్లను మరవొద్దు. మీటరు కోడ్ గోడకు అతుక్కుని ఉంటుంది, మనిషి మారిపోతాడు. పాత అద్దెదారు ఇచ్చిన అనుమతితో కొత్తవాళ్ల రీడింగులు లాగడం ఈ రంగంలో నిశ్శబ్దంగా జరిగే ఉల్లంఘన. అనుమతిని మీటరుకూ మనిషికీ కలిపి, మొదలు, ముగింపు తేదీలతో దాచండి.

తక్షణ రీడింగులు కావాలంటే దారి వేరు. నెదర్లాండ్స్ మీటర్లలో పీ1 పోర్టు (కస్టమర్ తన పరికరం తగిలించుకునే చోటు) ఉంటుంది, డచ్ స్మార్ట్ మీటరు ప్రమాణమైన డీఎస్ఎంఆర్ ఐదో తరం మీటరైతే సెకనుకొకసారి రీడింగ్ పంపుతుంది. కానీ ఇది ఖరారు కాని డేటా. హీట్ పంపు ఆన్, ఆఫ్ చేయడానికి వాడండి, బిల్లుకు వాడకండి.

7. హైదరాబాద్ నుంచి చూడటమూ పంపడమే

డేటా ఫ్రాంక్‌ఫర్ట్ సర్వరులోనే ఉంది, మన వాళ్లు తెరమీద చూస్తున్నారంతే, కాబట్టి బదిలీ కాదు అనుకుంటారు. అది పొరపాటు. ఇంకో దేశంలోని సంస్థకు అలా చూసే వీలివ్వడం కూడా బదిలీయే. జపాన్, స్విట్జర్లాండ్‌లకు ఉన్నట్టు భారత్‌కు ఈయూ ‘తగిన రక్షణ’ నిర్ణయం లేదు. కాబట్టి 2021/914 నిర్ణయంలోని ప్రామాణిక ఒప్పంద నిబంధనలు కావాలి. యూరప్ సంస్థ నిర్ణేతగా (డేటాను ఎందుకు, ఎలా వాడాలో తేల్చే కంట్రోలర్), మీరు దాని తరఫున పనిచేసేవారుగా ఉంటే రెండో మాడ్యూల్. మధ్యలో ఇంకో కాంట్రాక్టరు ఉంటే మూడోది. వాటితోపాటు బదిలీ ప్రమాదాల అంచనా ఒకటి రాసి ఉంచాలి.

కాగితాల కన్నా డిజైన్‌తో తగ్గించుకోవడం నయం. డెవలపర్లకు కృత్రిమ రీడింగులు ఇవ్వండి. అసలు డేటా తాకేది ఇద్దరు ముగ్గురే, అదీ లాగ్‌తో. మీటరు కోడ్‌కు మారుపేరు పెట్టినంత మాత్రాన అది వ్యక్తిగత డేటా కాకుండా పోదు. మారుపేర్ల తాళం మీ సంస్థ దగ్గరే ఉంది కదా. లీకైతే పర్యవేక్షణ సంస్థకు 72 గంటల్లోపు చెప్పాల్సింది నిర్ణేత. అందువల్ల హైదరాబాద్ నుంచి కబురు మొదటి రోజే వెళ్లేలా ఫోను నంబర్ల జాబితా గోడకు అతికించండి. దీపావళి సెలవుల్లో ఎవరు ఎత్తుతారో కూడా రాయండి.

భాగస్వామికి మొత్తాలు మాత్రమే పంపుతుంటే తీసివేత ముప్పు చూడండి. నిన్న 21 ఇళ్ల మొత్తం, నేడు 20 ఇళ్ల మొత్తం పక్కపక్కన ఉంటే, నిష్క్రమించిన ఇల్లు బయటపడుతుంది. గుంపులను నెలకొకసారే మార్చండి, మరీ చిన్న గుంపులను పక్క గుంపులో కలిపేయండి.

8. మూటలో ఏమేం ఉండాలి

సొంత ఫార్మాట్ కనిపెట్టకండి. మార్కెట్ డేటాకు ఐఈసీ 62325 అనే అంతర్జాతీయ ప్రమాణాల కుటుంబం ఉంది, ఎంట్సో-ఈ కూడా దాని మీదే నడుస్తుంది. మామూలు సీఎస్‌వీ పంపినా తప్పు లేదు, కానీ పక్కనే వివరణ ఫైలు ఉండాలి. మూలం, తెచ్చుకున్న సమయం, సవరణ సంఖ్య, యూటీసీ ప్రారంభం, వ్యవధి, యూనిట్, దిశ (వాడకమా, గ్రిడ్‌కు పంపడమా), ఖరారా, అంచనానా, తాత్కాలికమా, అనుమతి గుర్తింపు సంఖ్య, గడువు, లైసెన్సు. లైసెన్సు గడి ఖాళీగా వదలొద్దు. జర్మనీ విద్యుత్ మార్కెట్ డేటా ఇచ్చే స్మార్డ్ పోర్టల్ డేటా క్రియేటివ్ కామన్స్ బై 4.0 కింద ఉంది, మూలం పేరు చెబితే చాలు. అన్నీ అలా ఉండవు.

9. అసలు డేటా ముట్టకముందు

ఒక దేశంలో ఐదు మీటర్లతో, అన్ని పాత్రలూ నిజంగా నడిపి చూడండి. ఆపైన ఈ రోజులను మీ వ్యవస్థ గుండా పంపండి. 2018 సెప్టెంబరు 30, అక్టోబరు 1: జర్మనీ, ఆస్ట్రియా ధరలు వేరవ్వాలి. 2025 మార్చి 30: పావుగంట రీడింగులు 92. 2025 సెప్టెంబరు 30, అక్టోబరు 1: ధరలు 24 నుంచి 96కు మారాలి. 2025 అక్టోబరు 26: 100 పావుగంటలు, ఒక్కటీ నకిలీగా పోకూడదు. చివరగా ఒక కస్టమర్ అనుమతి రద్దు చేయించి, భాగస్వామి దగ్గర ఆ మీటరు ఎన్ని నిమిషాలకు ఆగిందో గడియారం పెట్టి చూడండి.